డార్క్ రూమ్‌లోని గోదాం

చర్చికి పోయే రోడ్డు మీద ఒక ఫొటో స్టూడియో ఉంది. అక్కడి కంప్యూటర్లకు ఏ రోగం వచ్చినా పదిహేనేళ్ళుగా నేనే వైద్యుణ్ణి. స్టూడియో నడిపిన అన్న నాకు చుట్టం కాదు. కానీ వాళ్ళింట్లో తిన్నన్నిసార్లు నేను మా మేనమామ ఇంట్లో కూడా తిని ఉండను. ఆయన పోయి ఏడాది కావస్తుండగా జరిగిన సంగతి ఇది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఆ మాటకొస్తే వైర్లను కూడా ఒక పట్టాన నమ్మను. అయినా ఆ పూట నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

స్టూడియో వెనక చిన్న గది ఉంది. రీళ్ళ కాలంలో ఫొటోలు కడిగిన డార్క్ రూమ్ అది. రీళ్ళు పోయాయి, కడగడం పోయింది, గది పేరు మాత్రం పోలేదు. పైన వేలాడే ఎర్ర బల్బు కూడా పోలేదు. మామూలు లైటు పెట్టించమని ఎన్నిసార్లు మొత్తుకున్నా అన్న వినలేదు. "గా బల్బు కిందనే నేను పని నేర్చుకున్న, ఉండనీ," అనేవాడు. ఆ గదిలో ఒక ఇనుప రాక్, దాని మీద పాత కంప్యూటర్, పక్కన ఎప్పటిదో లావుపాటి డబ్బా మానిటర్. అదే సర్వర్. స్టూడియో తీసిన పెళ్ళిళ్ళు, తొట్టెల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు అన్నీ దాంట్లోనే ఉంటాయి. ముందు గదిలోని రెండు సిస్టములు నెట్‌వర్క్ మీద దానికి కలిసి, కావలసిన ఫొటో తెచ్చుకుంటాయి. సర్వర్ అన్న మాట ఆయనకు నచ్చలేదు. గోదాం అని పేరు పెట్టి, తెర మీద కూడా అదే పేరు కనపడేట్టు నాతో పెట్టించాడు.

ఆయన చేసే పనుల్లో ఒకటి నాకు ఎప్పుడూ అదోలా ఉండేది. పాపన్నపేట వైపు ఊళ్ళ నుంచి ఎవరో ఒకరు వచ్చి, పదకొండో దినానికి ఫొటో కావాలంటారు. పోయిన మనిషికి విడిగా ఒక్క ఫొటో ఉండదు. ఎవరి పెళ్ళిలోనో, గుంపులో, వెనక వరసలో ఒక ముఖం ఉంటుంది. అన్న గోదాంలోంచి ఆ పెళ్ళి తీసి, ఆ ముఖాన్ని గుంపులోంచి విడదీసి, మెడ కింద తెల్ల చొక్కా తగిలించి, వెనక నీలి రంగు పరిచి ఫ్రేమ్ కట్టి ఇచ్చేవాడు. ఇస్తూ ఇస్తూ తిట్టేవాడు కూడా. "బతికున్నప్పుడు ఒక్క ఫొటో దిగుండ్రి అంటె దిగరు. సచ్చినంక నా పానం తీస్తరు."

తీరా చూస్తే ఆయనకే ఫొటో లేదు. మెదక్ చుట్టుపక్కల సగం మందిని ఫొటో తీసిన మనిషి, తను మాత్రం ఎక్కడా లేడు. ఉన్న ఒకటి రెండు చోట్ల ముఖానికి కెమెరా అడ్డం. పెళ్ళి ఫొటో ఉంది గాని, అందులో ఉన్నది సన్న మీసాల పిల్లగాడు. చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోను పెద్దది చేసి దండ వేశారు. కౌంటర్ పైన గోడకు అదే వేలాడుతుండేది. దాన్ని చూసినప్పుడల్లా వదిన ముఖం తిప్పుకునేది. "గిది ఆయన మొఖమే కాదు తమ్మీ. పోలీసులు పట్టుకపొయ్యి తీసినట్టున్నది," అనేది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం ఎక్కడా దొరక్కపోతే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

సంవత్సరికానికి ఇంకా నాలుగు రోజులుందనగా ఆమె నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, గోదాం బందైంది. జర జల్ది రా, నీకు దండం పెడత."

నేను వెళ్ళేసరికి పొద్దున పదిన్నర. వదిన కౌంటర్ వెనక సిస్టం ముందు కూర్చుని ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంగతేమిటంటే, నెల రోజులుగా ఆమె గోదాంలోని ఫొటోలన్నీ వరసగా తిరగేస్తోంది. ఎక్కడో ఒక చోట, ఏ పెళ్ళిమండపం అద్దంలోనో, ఏ గుంపు అంచునో, కెమెరా దించి ఊపిరి పీల్చుకుంటున్న ఆయన ముఖం దొరక్కపోతుందా అని. దొరికితే సంవత్సరికం నాటికి ఫ్రేమ్ మార్చాలి. ఇంకా నాలుగేళ్ళ ఫొటోలు మిగిలి ఉన్నాయి. సోమవారం నుంచి గోదాం తెరుచుకోవడం లేదు.

"ఏం మార్చినవ్ వదినా?" అన్నాను. ఈ పనిలో మొదటి ప్రశ్న అదే.

"నేనేం మారుస్త? ఏం మార్చలే."

అందరూ అదే అంటారు. నేను నమ్మను. కానీ వదినతో వాదన పెట్టుకోదలచుకోలేదు. లాప్‌టాప్ తీసి, కౌంటర్ కింద ప్లగ్‌లో ఉన్న ఏదో చార్జర్ పీకి నాది పెట్టబోయాను.

"అది తియ్యకు!" అని అరిచింది. గోదాం సంగతి చెప్పినప్పుడు కూడా అంత గొంతు లేదు. నేను చేయి వెనక్కి తీసుకుని, వేరే ప్లగ్ వెతుక్కున్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఆ పూట పని పది నిమిషాల్లో తేలేది.

నెట్‌వర్క్‌లోంచి గోదాంను పలకరించాను. పలికింది. అంటే బతికే ఉంది, కేబుల్ ఉంది, దారి ఉంది. ఫోల్డర్ తెరవబోతే మాత్రం రానివ్వదు. వెనక గదిలోకి పోయి ఎర్ర బల్బు కింద నిలబడి దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. తెరుచుకుంది. "వచ్చింది, వచ్చింది!" అని ముందు గదిలోంచి వదిన కేక వేసింది. నేను చేతులు దులుపుకుని బయటికొచ్చేలోగా, "పాయె," అంది.

మళ్ళీ ఆపాను, మొదలుపెట్టాను. కొద్ది నిమిషాలు తెరిచి ఉంది, మూసుకుంది. వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె మార్చాను. కొత్త కేబుల్ వేశాను. దాని వంశాన్నంతా తిట్టాను. లోపల ఎవరో కూర్చుని, మనం తెరిచిన తలుపును మెల్లగా మూసేస్తున్నట్టు ఉంది. మూడోసారి వదిన చిన్నగా అంది, "తమ్మీ, ఆయనకు ఇష్టం లేదేమో. ఎతకొద్దంటుండేమో."

"ఏంది వదినా, నువ్వు కూడ!" అని కసిరాను. కసిరాను గాని, ఆ గదిలో నాకూ బాగా లేదు. దానికి నా కారణం నాకు ఉంది. అది ఆమెతో ఎన్నడూ చెప్పలేదు.

అన్న పోయిన రోజు పొద్దున ఆయన నాకు ఫోన్ చేశాడు. పదీ పదిహేనుకు. నేను తూప్రాన్‌లో ఒక ఆఫీసులో నిచ్చెన ఎక్కి వైరు లాగుతున్నాను. తెర మీద ఆయన పేరు చూసి, "మళ్ళీ ఏదో పీకి పెట్టుంటాడు, తర్వాత చేద్దాం" అనుకుని జేబులో వేసుకున్నాను. తర్వాత చేయలేదు. మరిచిపోయాను. ఆ మధ్యాహ్నమే గుండె ఆగి పోయాడు. మూడో రోజు స్టూడియోకు వెళ్తే గోదాం పలకడం లేదు. వెనక కేబుల్ ఊడి ఉంది, అంతే. నొక్కితే టక్‌మని కూర్చుంది. ఆ పొద్దున ఆయన కేబుల్ చూద్దామని ఆ ఇనుప రాక్‌ను ఒక్కడే గుంజాడట, చొక్కా తడిసేట్టు చెమట పట్టిందట. నిచ్చెన మీంచే "అన్నా, వెనక వైరు ఒకసారి నొక్కు" అని ఉంటే ఆయన రాక్ జరిపేవాడు కాదు. ఎట్లాగైనా వచ్చే గుండెపోటే అని డాక్టరు అన్నాడు. డాక్టరు అన్న మాట నా చెవుల్లో ఉంది. ఆ టక్ కూడా ఉంది.

రెండున్నర అయింది. ఇక వేరే దారి లేక, మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాను. ఎవరు వచ్చారు, ఎవరిని రానిచ్చింది, ఎవరిని తిప్పి పంపింది అని సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. లాగ్ అంటారు. నాకు ఓపిక తక్కువ, చిట్టా చదవడమంటే చిరాకు. డబ్బా మానిటర్ మీద అది తెరిచి కింది వరసలు చూశాను.

అన్న పేరు. తప్పు పాస్‌వర్డ్. అన్న పేరు. తప్పు పాస్‌వర్డ్. అన్న పేరు.

పైకి జరిపాను. రోజంతా అదే. నిన్నా అదే. సోమవారం పొద్దున్నుంచీ అదే. నేను చూస్తుండగానే కింద ఇంకో వరస చేరింది. అన్న పేరు. వెనక్కి తిరిగి చూశాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎర్ర బల్బు, ఖాళీ గోడ, మేకుకు తగిలించిన ఆయన పాత కెమెరా సంచి.

తలుపు ఎందుకు మూసుకుంటుందో మాత్రం అప్పుడు అర్థమైంది. అది నా తెలివే. ఎక్కడో ఒక స్టూడియోలో దొంగలు నెట్‌లోంచే దూరి ఫొటోలన్నిటికీ తాళం వేశారని విని, గోదాంకు నేనొక రూలు రాసి పెట్టాను. మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే, మళ్ళీ ఆపి మొదలుపెట్టేదాకా ఎవరినీ రానివ్వదు. అన్న పోయిన మూడో రోజున, పని మానేసిన వాళ్ళ దగ్గర పాత పాస్‌వర్డ్ ఉంటుందని, ఆయన పేరు మీద ఉన్నదాన్ని కూడా మార్చేశాను. వదినను అడగలేదు. ఇప్పుడు ఎవరో ఆయన పేరుతో, ఆయన పాత పాస్‌వర్డ్‌తో వచ్చి తలుపు కొడుతున్నారు.

నెట్‌వర్క్‌లో ఏమేం కలిసి ఉన్నాయో చూశాను. రెండు సిస్టములు, నా లాప్‌టాప్, ఒక ఫోను. ఆ ఫోను నేను కొనిపించిందే. అందులో తీసిన ఫొటోలు స్టూడియోలోకి రాగానే తమంతట తాము గోదాంలోకి పోయేట్టు పెట్టి ఇచ్చిందీ నేనే.

ముందు గదిలోకి వచ్చాను. "వదినా, అన్న ఫోన్ ఏడున్నది?"

ఆమె కౌంటర్ కింది సొరుగు తెరిచింది. నేను పీకబోయిన చార్జర్ వైరు ఆ సొరుగులోకే పోతోంది. లోపల మడత పెట్టిన తువ్వాల మీద ఫోను.

"ఏడాది సంది ఇంట్ల దీపం కాడ పెట్టిన," అంది. "దీపమన్న మరిచిన గని చార్జింగ్ మరువలే. ఒక్కసారి గూడ బంద్ కానియ్యలే. బ్యాటరీ పాడైంది, వైరు తీస్తె రెండు నిమిషాలు ఉండదు. సోమారం ఈడికి తెచ్చిన."

"ఏం మార్చలే అంటివి గదా వదినా!"

"గిది మార్చుడా?" అంది. "పొద్దంత నేను ఈడనే ఉంట. ఇంట్ల ఒక్కడే ఎందుకని తెచ్చిన."

ఒక్కడే, అంది.

ఫోను తాళం ఎవరికీ తెలియదు. అది ఆయన వేలికే తెరుచుకుంటుంది. పోయిన రోజు దవాఖానలో ఎవరో పెద్దమనిషి, ఆయన వేలు పట్టి ఇప్పుడే తెరవమని, తర్వాత కష్టమని సలహా ఇచ్చాడట. వదిన అతన్ని బయటికి పొమ్మందట. అందుకని ఆ ఫోన్లో ఏముందో ఏడాదిగా ఎవరూ చూడలేదు.

ఆమెకు విడమరచి చెప్పాను. ఈ ఫోను దగ్గర ఇంకా ఇవ్వని ఫొటోలు ఏవో ఉన్నాయి. వాటిని ఇద్దామని గోదాం దగ్గరికి వస్తోంది. తలుపు తాళం మార్చింది నేను. ఫోన్ ఆపేస్తే గోదాం బాగుపడుతుంది, నువ్వు మిగిలిన నాలుగేళ్ళూ వెతుక్కోవచ్చు. కానీ ఒకసారి ఆపితే ఇది మళ్ళీ తనంతట తాను ఏమీ పంపదు, తాళం తీస్తేనే పంపుతుంది. లేదా, పాత పాస్‌వర్డ్ మళ్ళీ పెడతాను.

"పెట్టు," అంది. నా మాట పూర్తి కాకముందే.

వెనక గదిలో నా రూలు తీసేశాను. ఆయన పేరు మీద పాత పాస్‌వర్డ్ కొట్టాను. వదిన నా భుజం వెనక నిలబడింది. "పాస్‌వర్డ్ ఏముండె తమ్మీ?"

"నీ పేరే వదినా. ఎనక మీ పెండ్లి సంవత్సరం."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు గదిలోకి పోయింది.

నిమిషం గడిచింది. చిట్టాలో కొత్త వరస పడింది. అన్న పేరు. ఈసారి రానిచ్చింది.

నేనూ ముందు గదిలోకి పరుగెత్తాను. సిస్టం మీద ఆయన ఫోల్డర్ తెరిచి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఒక్కో ఫొటో మెల్లగా వస్తోంది. ఆయన పోకముందు రెండు రోజులు ఏదో పెళ్ళి పని మీద బయట తిరిగాడు, మూడో రోజు కేబుల్ ఊడింది, అందుకే అవన్నీ ఫోన్లోనే ఉండిపోయాయి. పెళ్ళి పందిరి. పందిరి కింద నిద్రపోతున్న కుక్క. చర్చి ముందు నిలబడ్డ ఎవరో టూరిస్టులు. టేక్మాల్ దారిలో వరి నాట్లు. ఫ్రేముల సైజులు రాసుకున్న చీటీ. తర్వాత వదిన. కౌంటర్ మీద తల పెట్టి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది.

"ఓయమ్మ! గిది ఎప్పుడు తీసిండు? సిగ్గు లేని మనిషి!" అంది. ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

నవ్వు ఆగిపోయింది. ఫొటోల మీది తేదీలు ఆయన పోయిన రోజుకు వచ్చేశాయి, అన్నిట్లో లోకమంతా ఉంది, ఆయన లేడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చివరిది ఒకటి రావలసి ఉంది. అది సగం వచ్చి ఆగింది. నేను కుర్చీలో ముందుకు వంగాను. ఫోన్ బ్యాటరీ అనుకున్నాను, వైరు అనుకున్నాను, దేవుణ్ణి కూడా అనుకున్నాను. తర్వాత మిగతా సగం వచ్చింది.

డబ్బా మానిటర్ ఫొటో అది. నల్లటి తెర, దాని మీద తెల్ల అక్షరాల్లో నెట్‌వర్క్ అందడం లేదన్న రాత. ఆయన పోయిన రోజు పొద్దున, పదీ పన్నెండుకు తీసింది. నాకు ఫోన్ చేయడానికి మూడు నిమిషాల ముందు. ఫోన్లో నాకు చదివి వినిపించడానికో, నాకు పంపడానికో తీసి ఉంటాడు.

"తెర ఫొటోనే వదినా," అన్నాను.

"జర ఉండు," అంది. ఆమె వేలు తెర మీదికి పోయింది. "ఈడ సూడు."

ఆ పాత మానిటర్ అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది. నల్లటి అద్దంలో, తెల్ల అక్షరాల వెనక, ఎర్ర బల్బు వెలుగులో అన్న ఉన్నాడు. ఫోను ఛాతీ దగ్గర పట్టుకుని, తల కొద్దిగా పక్కకు వంచి, కనుబొమలు ముడిచి చూస్తున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి ఉన్నాయి. అది ఆయనే. ముఖానికి కెమెరా అడ్డం లేదు.

వదిన ఏడవలేదు. నేనే ఏడ్చాను, సొరుగులోని తువ్వాల నోట్లో కుక్కుకుని. ఆమె ఆ ముఖం మీద వేలుంచి అట్లాగే కూర్చుంది. "గిదే," అంది. "గిదే పెద్దగ కొట్టియ్యి."

"అక్షరాలు తీసేసి, వెనక నీలి రంగు వేయిస్త వదినా."

"ఏం తియ్యకు. ఉన్నది ఉన్నట్టు కొట్టియ్యి."

సంవత్సరికం నాడు ఆ ఫ్రేమ్‌కే దండ వేశారు. ఫోను ఇంకా స్టూడియోలో చార్జింగ్‌లోనే ఉంది, నేను పాస్‌వర్డ్ మళ్ళీ మార్చలేదు. దాని దగ్గర ఇవ్వడానికి ఇక ఏమీ లేదు. అయినా వచ్చి తలుపు తీసి ఉందో లేదో చూసి పోతూ ఉంటుంది. చిట్టాలో ఆయన పేరు కనపడుతుంది. స్టూడియోకు పోయినప్పుడల్లా నేను ఆ వరసలు చదువుతున్నాను, చిరాకు లేకుండా.

ఆ రోజు భోజనాల దగ్గర వదిన వాళ్ళ చిన్నమ్మ ఫ్రేమ్ ముందు నిలబడి కళ్ళు చికిలించింది. "గదేందే, మొఖం మీద రాతలేంది? గట్ల ఎటో సూస్తుండేంది?"

వదిన చేతిలో పప్పు గిన్నె ఉంది. నేను ఆమె ఎదురుగా విస్తరి ముందు కూర్చుని ఉన్నాను.

"పని మీద ఉన్నడు చిన్నమ్మా," అంది. "గోదాం బందైంది. తమ్మికి ఫోన్ చేద్దామని సూస్తుండు."

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పొద్దున అన్న నాకు ఫోన్ చేసిన సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట. ఏడాది పాటు నన్ను తమ్మీ అని పిలిచింది, ఎదురు కూర్చోబెట్టుకుని టీ ఇచ్చింది, ఒక్క మాట అడగలేదు. ఇప్పుడూ నా వైపు చూడలేదు. వంగి, నా విస్తరిలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"తిను తమ్మీ," అంది. "సల్లారిపోతది."